జాము పొలంక: మన బీళ్ల పిట్టను గుర్తుపట్టడం ఎలా?

తెలుగు శాఖ గోడ పత్రికలో పిట్టల పాఠమేంది అని కొందరు అడగొచ్చు. దానికి రెండు జవాబులున్నాయి. మొదటిది, మనం కావ్యాల్లో చదివే పిట్టలన్నీ దాదాపు నాలుగైదే: హంస, చిలుక, కోయిల, చకోరం, చక్రవాకం. వీటిలో కొన్నింటిని మనం చూడనే చూడం. మన పొలాల్లో, మన కాళ్ల ముందు తిరిగే పిట్టలకు మాత్రం పేరు కూడా చెప్పలేం. రెండో జవాబు, పేరు పోతే పిట్ట కూడా సగం పోయినట్టే. పేరు లేని దాని గురించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడని దాని కోసం ఎవరూ పోట్లాడరు.

ఈ పాఠం ఒకే ఒక్క పిట్ట గురించి. ఇంగ్లీషులో దీన్ని 'చెస్ట్‌నట్ బెల్లీడ్ శాండ్‌గ్రౌజ్' అంటారు. తెలుగులో దీని పేరు పొలంక, ఇంకా వివరంగా చెప్పాలంటే జాము పొలంక. ఎడారుల్లో, ఎండిన మైదానాల్లో నేల మీదే బతికే పిట్ట ఇది. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఎండు భూముల నుంచి అరేబియా మీదుగా మన దేశం దాకా దీని రాజ్యం. తడి ఎక్కువగా ఉండే మలబారు తీరం దీనికి పడదు. దట్టమైన అడవీ పడదు. రాళ్లూ ఇసుకా పొట్టి గడ్డీ ఉంటే చాలు.

ఎక్కడి నేల ఇది?

మా ఊరు క్యాతగానచెర్లు. కర్ణాటకలో తుమకూరు జిల్లా, పావగడ తాలూకా. మ్యాపు చూస్తే మా తాలూకాకు మూడు వైపులా ఆంధ్రమే కనపడుతుంది. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, సంతలో రెండూ. మేం శెనక్కాయ అంటాం, రాగిసంగటి తింటాం, వానకోసం ఆకాశం చూస్తాం. జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురం అని చిన్నప్పటి నుంచి వింటున్నాం గదా, ఆ జిల్లాకు ఆనుకునే ఉన్న నేల మాది. శాస్త్రం ప్రకారం ఇది ఎడారి కాదు, అర్ధశుష్క భూమి. కానీ ఎండాకాలంలో వచ్చి చూసినవాళ్లకు ఆ తేడా తెలియదు.

మా చుట్టుపక్కల ఊళ్ల పేర్లలో నీళ్లు మాత్రం పుష్కలం! క్యాతగానచెర్లు, రాయచెర్లు, బళసముద్రం. చెర్లు అనే మాటలో చెరువు వినపడుతుంది, ఇంకో ఊరికి ఏకంగా సముద్రమే ఉంది. నీళ్లు తక్కువైన చోటే మనుషులు నీళ్ల పేర్లు పెట్టుకుంటారేమో. ఆ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే మన పొలంక కథ అంతా నీళ్ల చుట్టే తిరుగుతుంది.

పేరు సంగతి

థామస్ జెర్డన్ అని మద్రాసు సైన్యంలో ఒక వైద్యుడు ఉండేవాడు. నెల్లూరులో కొన్నాళ్లు పనిచేశాడు. కడప ప్రాంతపు కలివికోడిని 1848లో లోకానికి పరిచయం చేసింది ఆయనే. అందుకే దాన్ని ఇంగ్లీషులో ఆయన పేరుతోనే పిలుస్తారు. 1862 నుంచి 1864 వరకు ఆయన అచ్చు వేయించిన భారతదేశపు పక్షుల పుస్తకంలో ఒక మంచి అలవాటు కనపడుతుంది. ప్రతి పిట్ట దగ్గరా ఆ ప్రాంతాల వాళ్లు ఏమని పిలుస్తారో రాశాడు: హిందీలో ఇది, తెలుగులో ఇది, తమిళంలో ఇది అని. ఆయన ఆ పేర్లను వేటగాళ్లనూ పిట్టలు పట్టేవాళ్లనూ అడిగి తెలుసుకున్నాడు. అంటే బడికి పోని వాళ్ల నోటి తెలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పుస్తకంలో దాక్కుని ఉంది. మన పిట్టకు ఆయన రాసిన తెలుగు పేరు 'జాం పొలంక'. దీని దగ్గరి చుట్టానికి, అంటే రాళ్ల గుట్టల్లో ఉండే చారల పిట్టకు, 'సొండ పొలంక'.

ఇక్కడ భాష చదివేవాళ్లకు ఒక విశేషం ఉంది. ఇదే పిట్టను తమిళులు 'కల్ కౌదారి' అంటారు, అంటే రాతి కౌజు. కన్నడంలో చారల పిట్టను 'కల్ గౌజల హక్కి' అంటారు, అదీ రాతి కౌజే. హిందీలో 'భట్ తీతర్', అక్కడ తీతర్ అంటే మళ్లీ కౌజే. అంటే ఈ మూడు భాషలూ దీన్ని కౌజు పిట్టలో ఒక రకంగా చూశాయి. తెలుగు మాత్రం దీనికి విడిగా ఒక పేరు పెట్టింది. శాస్త్రం చెప్పేది కూడా అదే. పొలంక కౌజు జాతి కాదు. ఒకప్పుడు దీన్ని పావురాల కుటుంబంతో కలిపారు. ఇప్పుడు పొలంకలన్నింటినీ వేరే వర్గంగానే లెక్కిస్తున్నారు. ప్రపంచం మొత్తం మీద 16 రకాలున్నాయి. మన పిట్టలు పట్టేవాళ్ల చూపు ఎంత గట్టిదో ఆలోచించండి!

శాస్త్రీయ నామం టెరోక్లిస్ ఎక్సుస్టస్. రెండో మాట లాటిను, దానికి అర్థం 'కాలినది', 'మాడినది'. పొట్ట కింద మాడినట్టుండే రంగును చూసి ఆ పేరు పెట్టారు.

ఇంక 'జాము' సంగతి. పగలూ రాత్రీ కలిపి ఎనిమిది జాములు, ఒక్కో జాము మూడు గంటలు. ఈ పిట్టకూ జాముకూ ఏం సంబంధమో కాస్త ముందుకు పోయాక చెప్తాను.

గుర్తుపట్టడం: ఐదు మెట్లు

పొలంకను గుర్తుపట్టడంలో మొదటి కష్టం, అసలు అది కనపడటమే. కదలకుండా కూర్చుంటే మట్టిపెడ్డలో మట్టిపెడ్డ. పది అడుగుల దూరంలో ఉన్నా తెలియదు. కాళ్ల కింద నుంచి బుర్రుమని లేచినప్పుడే 'ఓహో, ఇక్కడ ఉండిందా' అనుకుంటాం. అందుకని ఒక వరుస ప్రకారం చూడాలి.

1. ఆకారం. పావురం అంత ఉంటుంది. మెడ పొట్టి, తల చిన్నది, ఒళ్లు బలంగా గుండ్రంగా ఉంటుంది. కాళ్లు మరీ పొట్టివి, వాటి ముందు భాగం మీద వేళ్ల దాకా సన్నటి ఈకలుంటాయి. నడిస్తే పొట్ట నేలకు రాసుకుంటుందా అన్నట్టు చిన్న చిన్న అడుగులతో పోతుంది. తోక మధ్యలో రెండు ఈకలు సూదుల మాదిరి బయటికి సాగి ఉంటాయి. ఈ సూది తోక ముఖ్యమైన గుర్తు.

2. రంగు. మగపిట్ట ఒళ్లు ఇసుక రంగు, ముఖం మీద కాస్త పసుపు జాడ. రొమ్ము మీద అడ్డంగా సన్నటి నల్ల గీత, దారం కట్టినట్టు. దాని కింద పొట్ట ముదురు గోధుమ, దాదాపు నలుపు. ఆడపిట్టకు ఒళ్లంతా చుక్కలూ చారలూ గీతలూ, ఎండిన గడ్డి నీడ పడ్డ నేల ఎట్లుంటుందో అట్లుంటుంది. ఆడా మగా పక్కపక్కన ఉంటే రెండు వేర్వేరు జాతులనుకునేంత తేడా.

3. ఎగరడం. రెక్కలు పొడుగు, కొనలు సూదిగా ఉంటాయి. వేగంగా, నేరుగా, గుంపుగా పోతాయి. కింద నుంచి చూస్తే రెక్కల అడుగు నల్లగా కనపడుతుంది. కౌజు పిట్ట ఇట్లా పోలేదు. అది లేచి కొంత దూరం బరువుగా ఎగిరి మళ్లీ పొదలో పడుతుంది.

4. గొంతు. ఎగిరేటప్పుడు ఒకదానికొకటి పలకరించుకున్నట్టు 'కుట్‌రో, కుట్‌రో' అని రెండక్షరాల పిలుపు. చాలాసార్లు పిట్ట కంటే ముందు ఈ పిలుపే అందుతుంది. అప్పుడు తల పైకెత్తితే గుంపు దాటిపోతూ కనపడుతుంది.

5. వేళ. ఇది అన్నింటికంటే పెద్ద గుర్తు. దీని గురించి విడిగా చెప్పాలి.

ఆ మెట్టు ఎక్కే ముందు, ఏ పిట్టలతో పొరపడతామో చూద్దాం.

కౌజు: కోడిపెట్ట మాదిరి పరిగెడుతుంది, పొదల్లో దూరుతుంది, తెల్లవారుజామున గట్టిగా అరుస్తుంది. కాళ్లు పొలంక కంటే పొడుగు, తోక పొట్టి.

పూరేడు: ఇది చాలా చిన్నది, పిడికిట్లో పట్టేంత. తోక ఉందా లేదా అన్నట్టుంటుంది.

తీతువు, చితవ: పొడుగు కాళ్ల పిట్టలు. కళ్ల ముందు ఎర్రటి లేదా పసుపు తోలు వేలాడుతుంటుంది. మనిషిని చూస్తే ఊరంతా లేపుతాయి. పొలంక అట్లా కాదు, మౌనంగా నేలకు అతుక్కుపోతుంది.

నేల మీద పరిగెత్తే 'ఇండియన్ కోర్సర్': ఇదీ బీళ్ల పిట్టే. కాళ్లు పొడుగు, తెల్లగా ఉంటాయి. కంటి మీద తెల్ల గీత, కంటి గుండా నల్ల గీత, రొమ్ము ఇటుక రంగు. నాలుగడుగులు గబగబా పరిగెత్తి ఆగుతుంది, వంగి పురుగును పొడుస్తుంది, మళ్లీ పరిగెడుతుంది. పొలంక తినేది పురుగులు కాదు, ఎండు గింజలు.

సొండ పొలంక: రాళ్ల గుట్టల వాలుల్లో జంటగా ఉంటుంది. సూది తోక లేదు. మగపిట్ట నుదుటి మీద నలుపూ తెలుపూ పట్టీలు, ముక్కు నారింజ రంగు. దీన్ని గుర్తుపెట్టుకోండి, వేళ విషయంలో మళ్లీ పనికొస్తుంది.

నీళ్ల గడియారం

పురుగులు తినే పిట్టకు వాటిలోనే కొంత తడి దొరుకుతుంది. పండ్లు తినే పిట్టకు రసం దొరుకుతుంది. పొలంక తినేది గడ్డి గింజలు, కలుపు మొక్కల గింజలు, కోత తర్వాత చేలో రాలిన గింజలు. అందులో తడి ఏముంటుంది? అందుకే దానికి రోజూ నీళ్లు కావాల్సిందే. నీళ్లు ఎంత దూరమున్నా పోవాలి.

జాము పొలంకలు పొద్దున మేత మొదలుపెట్టి, పొద్దు పొడిచిన రెండు మూడు గంటలకు నీళ్ల దగ్గరికి వస్తాయి. అంటే పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల వేళ. ఇప్పుడు లెక్క వేయండి. ఆరింటికి పొద్దు పొడిస్తే మొదటి జాము ముగిసేది తొమ్మిదికి. సరిగ్గా పిట్ట చెరువు దగ్గర దిగే వేళ! సొండ పొలంక దీనికి పూర్తిగా వేరు. అది పొద్దు గూకి చీకటి పడ్డాక, మళ్లీ తెల్లారకముందే నీళ్లకు వస్తుంది. రెండూ ఒకే కుంటలో తాగినా ఒకదానికొకటి ఎదురుపడవు. జెర్డన్‌కు పేరు చెప్పిన ఆ తెలుగు మనిషి నోట్లో 'జాము' అన్నది ఈ జామేనని నేను పట్టుబట్టను. కానీ ఆ మాట ఈ పిట్టకు అతికినట్టు ఇంకో మాట అతకదు.

నీళ్ల దగ్గర వాటి తీరు చూడదగ్గది. నేరుగా నీళ్లలోకి దిగవు. ముందు గుంపు మీద నుంచి ఒకటి రెండు సార్లు తిరుగుతుంది. కాస్త దూరంలో బయలు నేల మీద దిగి అటూ ఇటూ చూస్తాయి. నీళ్లున్న చోటే డేగలూ, నక్కలూ, కుక్కలూ కాచుకుని ఉంటాయని వాటికి తెలుసు. నమ్మకం కుదిరాక గబగబా ఒడ్డుకు నడిచి, ముక్కు ముంచి, తల ఎత్తి గుటక వేసి, మళ్లీ ముంచి, కొన్ని క్షణాల్లో తాగేసి ఎగిరిపోతాయి. పొద పెరిగిన ఒడ్డు వాటికి ఇష్టముండదు. నాలుగు వైపులా చూపు ఆనాలి.

ఈ క్రమశిక్షణే వాటికి ఒకప్పుడు శాపమైంది. బికనీరు మహారాజు గంగా సింగు కాలంలో గజ్నేరు చెరువు దగ్గర పొలంకల వేట పెద్ద పండుగ. ఏ వేళకు వస్తాయో తెలుసు, ఎక్కడికి వస్తాయో తెలుసు, తుపాకులు పట్టుకుని కూర్చోవడమే పని. వైస్రాయిలు, దొరలు ఆ వేటకు అతిథులు. 1961లో అమెరికా వాళ్లు వేట కోసమే మన దేశపు జాము పొలంకలను హవాయి దీవులకు తీసుకుపోయి వదిలారు. పెద్ద దీవి మీద వాటి సంతతి ఇంకా బతికే ఉంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరమైంది.

నీళ్లు మోసే తండ్రి

ఈ పిట్ట గూడు కట్టదు. ఎండిన నేల మీద చిన్న గుంత, అంతే. పుల్ల లేదు, ఈక లేదు. అందులో మామూలుగా మూడు గుడ్లు, రాతి రంగు మీద గోధుమ మచ్చలు. గులకరాళ్ల మధ్య ఆ గుడ్లు గులకరాళ్లే. పగలు ఎక్కువగా తల్లి పొదుగుతుంది, రాత్రి తండ్రి. దాని లెక్క తేలికే. పగటి వెలుగులో తల్లి చుక్కల చీర నేలలో కలిసిపోతుంది, తండ్రి నల్ల పొట్టకు రాత్రి చీకటి చాలు. మిట్టమధ్యాహ్నం తల్లి చేసేది నిజానికి వెచ్చబెట్టడం కాదు, గుడ్లు ఉడికిపోకుండా నీడ పట్టడం.

పిల్లలు పుట్టిన కాసేపటికే నడుస్తాయి, వాటంతట అవే గింజలు ఏరుకుంటాయి. కానీ ఎగరలేవు. నీళ్లేమో మైళ్ల దూరంలో. తినేదేమో ఎండు గింజలు. మరి బతికేదెట్లా?

1896లో ఇంగ్లండులో మీడ్-వాల్డో అనే పక్షి ప్రేమికుడు పంజరాల్లో పొలంకలను పెంచుతూ ఒక వింత చూశాడు. తండ్రి పిట్ట పొట్ట ఈకలను నీళ్లలో నానబెట్టుకుని పిల్లల దగ్గరికి పోతోంది, పిల్లలు ఆ ఈకలను ముక్కుతో పిండి తాగుతున్నాయి. ఆ సంగతి రాస్తే చాలామంది నమ్మలేదు. పంజరంలో పిట్టల పిచ్చి చేష్ట అనుకున్నారు. ఆ తర్వాత 71 ఏళ్లకు, 1967లో, టామ్ కేడ్, గోర్డన్ మెక్లీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దక్షిణాఫ్రికా వైపు కలహారి ఎడారిలో నమాక్వా పొలంకలను గమనించి అది నిజమేనని నిరూపించారు.

తండ్రి పని ఇట్లా ఉంటుంది. ముందు పొట్టను పొడి ఇసుకలో రుద్దుకుంటాడు, ఈకల మీది జిడ్డు పోవడానికి. తర్వాత నీళ్లలో పొట్ట మునిగేదాకా దిగి, ఈకలు విప్పి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ నానబెడతాడు. మామూలు పిట్ట ఈక నీళ్లను తోసేస్తుంది. ఈ మగపిట్ట పొట్ట ఈకల్లోని సన్నటి పోగులు ఎండినప్పుడు స్ప్రింగు మాదిరి చుట్టుకుని ఉంటాయి. తడవగానే ఆ చుట్టలు విడి నిలబడతాయి, వాటి మధ్య నీళ్లు స్పాంజిలో మాదిరి నిలుస్తాయి. 2023లో అమెరికాలో జోకెన్ ముల్లర్, లోర్నా గిబ్సన్ అనే పరిశోధకులు ఈ ఈకలను సూక్ష్మదర్శినితో చూసి ఆ నిర్మాణాన్ని వివరంగా చూపించారు. నమాక్వా మగపిట్ట దాదాపు 25 మిల్లీలీటర్ల నీళ్లు పట్టుకోగలదు. అంటే ఐదు టీస్పూన్లు. దాంతో 30 కిలోమీటర్ల దాకా ఎగరగలదు. దారిలో కొంత ఆవిరైపోతుంది, మిగిలింది పిల్లలకు. పిల్లలు పరిగెత్తుకొచ్చి తండ్రి పొట్ట కింద చేరి, ఈక ఈకనూ ముక్కుతో లాగి తాగుతాయి. చూడ్డానికి దూడలు పాలు తాగినట్టే.

మన కావ్యాల్లో చకోరం వెన్నెల తాగుతుందని చదువుతాం, చాతకం వాన చినుకు కోసం నోరు తెరుస్తుందని చదువుతాం. అవి కవుల పిట్టలు. దాహం గురించి ఒక పిట్టతో చెప్పాలంటే, ఒంటి మీద నీళ్లు మోసుకొచ్చే ఈ తండ్రి ఎందుకో మన కవుల కంట పడలేదు. బిందె నెత్తిన పెట్టుకుని రెండు మైళ్లు నడిచిన ఆడవాళ్లున్న ఊళ్ల నుంచి వచ్చిన మనకైనా ఇది పట్టాలి గదా?

'బీడు' అనే మాట

ఇంక అసలు సంగతికి వస్తాను. పొలంక బతికేది ఎక్కడ? సర్కారు లెక్కల్లో అయితే 'వేస్ట్ ల్యాండ్', అంటే పనికిరాని భూమి. మన దేశంలో బంజరు భూముల అట్లాసు ఒకటుంది. కేంద్ర భూ వనరుల శాఖ, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి తయారుచేస్తాయి. పొదలూ గడ్డీ ఉన్న భూములు చాలావరకు ఆ లెక్కలోకే పోతాయి. పనికిరానిది అని ఒకసారి కాగితం మీద పడ్డాక, దాన్ని ఏం చేసినా మేలు చేసినట్టే లెక్క.

మా ఊరి సంగతే చూడండి. పావగడ సోలార్ పార్కు గురించి మీరు విని ఉంటారు. తిరుమణి, బళసముద్రం, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ ఐదు ఊళ్ల నేల మీద దాదాపు 13,000 ఎకరాల్లో ఉంది. 2018 మార్చిలో మొదటి భాగం మొదలైంది, 2019 చివరికి 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యానికి చేరింది. భూమిని కొనలేదు, రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు, మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. వాన నమ్ముకుని శెనక్కాయ వేసి, ఏడాదికేడాది అప్పు పెంచుకున్న ఇంటికి ఆ డబ్బు ఎంత ధైర్యమో నేను చెప్పక్కర్లేదు. బొగ్గు కాల్చకుండా కరెంటు రావడం లోకానికే మంచిది. కాబట్టి ఈ వ్యాసం సోలారుకు వ్యతిరేకంగా రాసింది కాదు.

అయితే లెక్క పూర్తిగా వేయాలి. కౌలు భూమి ఉన్నవాళ్లకే వస్తుంది. భూమి లేని కూలీకి రాదు, బీళ్లలో గొర్రెలు మేపుకునేవాళ్లకు రాదు, పొలంకకు అసలే రాదు. కంచె వేసి, నేల చదును చేసి, పలకలు పరిచిన చోట నాలుగు వైపులా చూపు ఆనే బయలు ఉండదు. గుడ్డు పెట్టే గుంత కోసం పిట్ట వేరే చోటు వెతుక్కోవాలి. పొలంకకు ఇంకా ప్రమాదం రాలేదు, ప్రపంచ లెక్కల్లో అది భయం లేని జాతుల్లోనే ఉంది. కానీ అదే బీళ్లలో బతికిన బట్టమేక పిట్టను చూడండి. దాని కోసం 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు దేశం మొత్తం మీద ఆ పిట్టలు 150 కూడా లేవంటున్నారు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. అక్కడ కరెంటు తీగలకు తగిలి అవి చస్తున్నాయని కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2021లో తీగలను భూమిలో పూడ్చమని కోర్టు చెప్పింది. 2024లో ఆ ఉత్తర్వును సడలించి, పిట్టా బతకాలి కరెంటూ రావాలి కాబట్టి దారి చూపమని నిపుణుల సంఘాన్ని వేసింది. 'భయం లేదు' అనే మాట నుంచి '150 లేవు' అనే మాట దాకా దూరం మనం అనుకున్నంత ఎక్కువ కాదు.

కావాల్సింది ఏందంటే, పలకలు పరిచే ముందే ఏ బీడు ఎవరికి ఇల్లో చూడటం. కొంత బయలు వదలడం. చెరువులూ కుంటలూ పూడిపోకుండా, వాటి ఒడ్డు కనీసం ఒక వైపైనా తెరిచి ఉండేలా చూడటం. మా జిల్లాలోనే మధుగిరి తాలూకా మైదనహళ్లి దగ్గర జయమంగలి కృష్ణజింకల రిజర్వు ఉంది, 2007లో ప్రకటించారు. దాదాపు 800 ఎకరాల గడ్డి నేల. గడ్డి నేలను గడ్డి నేలగానే ఉంచితే చాలు అని ఒప్పుకున్న చోటు అది. ఇట్లాంటివి ఇంకా రావాలి.

బీడు అంటే మన భాషలో సేద్యం చేయని భూమి అని మాత్రమే అర్థం. పనికిరానిది అని కాదు. ఒక ఏడు బీడు పెడితే మరుసటి ఏడు పంట బాగుంటుందని పెద్దవాళ్లు వదిలేవాళ్లు. ఆ ఏడు అందులో గొర్రెలు మేసేవి, పిల్లలు ఆడుకునేవాళ్లు, పొలంక గుడ్లు పెట్టేది. 'బీడు'ను 'వేస్ట్' అని తర్జుమా చేసిన రోజే తప్పు మొదలైంది. తర్జుమా మన శాఖ పనే గదా, అందుకే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను.

మనం చేయగలిగిన పని

సెలవులకు ఊరికి పోయినప్పుడు గొర్రెలు కాసే మామను, గడ్డికి పోయే అవ్వను అడగండి. "ఈ పిట్టనేమంటారు?" అని మాత్రమే కాదు, "ఇది ఏ వేళకు వస్తుంది, ఏం తింటుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది?" అని అడగండి. పేరు చెప్పలేనివాళ్లు కూడా వేళ చెప్తారు. వాళ్లు పలికినట్టే రాసుకోండి, దిద్దకండి. ఊరి పేరూ తేదీ తప్పకుండా వేయండి. మా వైపు పిల్లలకు ఈ పేర్లు తెలుగు వాచకంలో దొరకవు, కన్నడ వాచకంలో దొరకవు. రెండు భాషల మధ్య సందులో పడి పోతున్నాయి. సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చిన మనమే వాటిని ఏరుకోవాలి.

పిట్టను చూడాలంటే ఎండాకాలం మేలు, నీళ్లున్న చోట్లు తక్కువ కాబట్టి. పొద్దున ఎనిమిదింటికల్లా చెరువుకు దూరంగా, నీడలో, మట్టి రంగు బట్టలతో కూర్చోండి. నీళ్ల ఒడ్డున మాత్రం కూర్చోకండి. మీరు అక్కడ ఉన్నంతసేపూ అవి దిగవు, ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తుంటాయి. నేల మీద గుడ్లు కనపడితే తాకకండి, చుట్టూ తిరగకండి, ఫోటో కోసం ఆగకండి. తల్లి పక్కకు తప్పుకున్న పది నిమిషాల ఎండ ఆ గుడ్లకు ఎక్కువ.

అభ్యాసం

1. కౌజు, తీతువు, పొలంక: ఈ మూడింటినీ నడక బట్టి, ఎగరడం బట్టి, గొంతు బట్టి వేరుచేసి రాయండి.

2. జాము పొలంకకూ సొండ పొలంకకూ నీళ్లు తాగే వేళలో తేడా ఏమిటి? పేరులోని 'జాము'కు మీరు ఏ అర్థం చెప్తారు? 'పొలంక'లో 'పొలం' ఉందంటారా? కారణాలతో రాయండి.

3. మీ ఊళ్లో బీడు, మిట్ట, బయలు, గట్టు, పోరంబోకు అనే మాటల్లో వేటిని వాడుతారు? ఒక్కోదాని అర్థంలో తేడా రాయండి. వీటిలో ఏ మాటకు 'వేస్ట్' అనే అర్థం సరిపోతుంది?

4. మీ ఊరి నేల పిట్టల పేర్లు ఐదు తెచ్చి ఈ గోడ పత్రిక కింద ఉన్న ఖాళీ కాగితం మీద రాయండి. కాగితం నిండితే ఇంకోటి అతికిస్తాం.